వెండి ధర పడితే ఊరే ఖాళీ: కాలికో కథ

బులియన్ వర్తకులకు తేజీ మందీలు కొత్త కావు. మందీ వస్తే నష్టాన్ని ఖాతాలో రాసుకుని మర్నాడు మళ్లీ కొట్టు తెరుస్తారు. కాని మందీ దెబ్బకు ఊరికి ఊరే ఖాళీ అయిన ఉదంతం అమెరికాలో ఉంది. ఆ ఊరిని ఇప్పటికీ చూసి రావచ్చు.

లాస్ ఏంజెలిస్ నుంచి లాస్ వేగాస్ వెళ్లే రహదారి మీద, బార్‌స్టో పట్టణం దాటాక, మొహావీ ఎడారిలో రంగురంగుల కొండల పాదాన ఉంది కాలికో. కొండలు కాలికో అద్దకపు గుడ్డలా కనిపించినందున ఊరికి ఆ పేరు పెట్టారు. గుడ్డకు పేరిచ్చింది మన మలబారు తీరంలోని కాలికట్ రేవు. ఊరి పేరులోనే కాదు, ఊరి పతనంలో కూడా మన దేశం ప్రమేయం ఉంది.

1881లో ఇక్కడ వెండి బయటపడింది. సిల్వర్ కింగ్ వంటి గనులు వెలిశాయి. క్రమంగా చిన్నా పెద్దా కలిపి సుమారు 500 గనులు తవ్వారని, పన్నెండేళ్లలో 2 కోట్ల డాలర్ల వెండి తీశారని అంచనా. 1887లో అగ్నిప్రమాదం ఊరిని దహించినా జనం మళ్లీ కట్టుకున్నారు. వెండి గిట్టుబాటవుతున్నంత కాలం నిప్పు ఆ ఊరిని ఏమీ చేయలేకపోయింది.

చేసింది ధర. 1881లో ఔన్సు సగటున 1.13 డాలర్లు పలికింది. దేశాలు ఒక్కొక్కటే బంగారు నాణేనికి మారుతుంటే వెండికి గిరాకీ తగ్గుతూ వచ్చింది. అప్పటికి మార్కెట్‌ను నిలబెట్టినవారిలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు అమెరికా ప్రభుత్వం: 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం నెలకు 45 లక్షల ఔన్సులు కొనేది. రెండోది మన టంకశాలలు: బొంబాయి, కలకత్తాలలో ఎవరు వెండి తెచ్చినా రుసుము పుచ్చుకుని రూపాయలు ముద్రించి ఇచ్చేవారు.

సర్కారు కొంటుందన్న ధీమాతో 1890లో ధర కొంత పుంజుకుంది. కాని గనుల ఉత్పత్తి కొనుగోళ్లను మించిపోయింది. 1892 సగటు 87 సెంట్లకు దిగింది.

1893 జూన్ 26న భారత ప్రభుత్వం ప్రజల వెండికి టంకశాలలు మూసివేసింది. వెండితో పాటు రూపాయి మారకం పడిపోతుంటే, లండన్‌కు పౌన్లలో చేయవలసిన చెల్లింపులు భారమయ్యాయన్నది కారణం. కొద్ది రోజుల్లోనే ధర కుప్పకూలింది. నవంబర్ 1న అమెరికా కూడా షెర్మన్ చట్టంలోని కొనుగోలు నిబంధనను రద్దు చేసింది. 1894 సగటు 63 సెంట్లు. మన పల్లెల్లో కడియాలు, మొలతాళ్ల రూపంలో పొదుపు చేసుకున్నవారు కూడా నష్టపోయారు; రూపాయి విలువ వేరు, అందులోని వెండి విలువ వేరు అయింది.

కాలికో గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1898లో తపాలా కార్యాలయాన్ని ఎత్తివేశారు. దగ్గరలో తీసే బోరాక్స్ వల్ల కొంతకాలం సందడి మిగిలింది. 1907లో అదీ నిలిచింది. కొండలో సరుకు అయిపోయి ఊరు పోలేదు. అక్కడ వెండి ఇంకా ఉందని తర్వాతి అన్వేషణలు తేల్చాయి. ఆనాటి ధరకు తవ్వితే ఖర్చులు రాలేదు, అంతే.

1951లో నాట్స్ బెర్రీ ఫార్మ్ స్థాపకుడు వాల్టర్ నాట్ ఈ ఊరిని కొని, పాత ఛాయాచిత్రాలు చూసి పునర్నిర్మించారు. సిల్వర్ కింగ్ గనిని కనుగొన్నవారికి పెట్టుబడి సమకూర్చిన వ్యక్తి ఆయన బంధువే. 1966లో ఆయన ఊరిని శాన్ బెర్నార్డినో కౌంటీకి దానం చేశారు. వీధిలో కనిపించే కట్టడాల్లో అసలువి అయిదు మాత్రమే. తక్కినవి పాత తీరులో తిరిగి కట్టినవి. మ్యాగీ గనిలోకి నడిచి వెళ్లవచ్చు. వెండి తవ్విన ఊరు నేడు ప్రవేశ రుసుము మీద, యాత్రికుల కొనుగోళ్ల మీద నడుస్తోంది.

సర్కారు కొనుగోళ్ల అండ చూసి సరుకు నిల్వ చేసే వర్తకుడు ఆ వీధిలో ఒకసారి నడిచి రావడం మంచిది. పెద్ద కొనుగోలుదారు ఉన్నంత కాలం ధర నిలకడగానే కనిపిస్తుంది. అతను తప్పుకున్న రోజున ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అన్న లెక్క ముందే వేసుకోవాలి. కాలికో వేసుకోలేదు.