పిల్లలకూ షుగర్: క్లోమంలో అసలేం జరుగుతుంది?

షుగర్ పెద్దవాళ్ల జబ్బని అనుకుంటాం. కానీ పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్లాడు మళ్లీ తడుపుతున్నా, రాత్రిళ్లు లేచి నీళ్లు తాగుతున్నా, తింటూనే చిక్కిపోతున్నా టైప్-1 డయాబెటిస్‌ను అనుమానించాలి.

ఎందుకు వస్తుంది?

పొట్ట వెనక ఉండే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. రక్తంలోని గ్లూకోజ్ కండరాలకు చేరాలంటే అది కావాలి. వైరస్‌లపై పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, టీ కణాలతో ఈ బీటా కణాలనే చంపేస్తుంది. కొన్ని జన్యువులు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కొన్ని వైరస్ ఇన్‌ఫెక్షన్ల పాత్రపైనా పరిశోధకులకు అనుమానాలున్నాయి. స్వీట్లు తిన్నందుకు వచ్చేది మాత్రం కాదు. ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు.

రాత్రికి రాత్రే వస్తుందా?

లేదు. మూడు దశలుంటాయి.

1. రక్తంలో బీటా కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపిస్తాయి. షుగర్ మామూలుగానే ఉంటుంది.
2. షుగర్‌లో తేడా మొదలవుతుంది. లక్షణాలుండవు.
3. చాలా బీటా కణాలు పోయాక దాహం, అతిమూత్రం, నీరసం బయటపడతాయి.

మొదటి దశ నుంచి మూడో దశకు నెలలు, కొందరిలో ఏళ్లు పడుతుంది. మూడో దశకు వచ్చాక మాత్రం అంత సమయం ఉండదు.

ఆలస్యమైతే?

ఇన్సులిన్ లేకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్లతో రక్తం ఆమ్లంగా మారుతుంది. ఇదే డీకేఏ. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత దీని గుర్తులు. గ్యాస్ నొప్పి అనుకుని ఊరుకుంటే ప్రాణానికే ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీరేం చేయాలి?

ప్రభుత్వ సిబ్బంది చేసే షుగర్ స్క్రీనింగ్ ప్రధానంగా పెద్దవాళ్ల కోసం. కాబట్టి పిల్లలకు పరీక్ష కావాలని మీరే అడగాలి. దగ్గర్లోని పీహెచ్‌సీలో గ్లూకోమీటర్‌తో వేలి నుంచి ఒక్క చుక్క తీసి చూస్తే నిమిషంలో తెలుస్తుంది. పరగడుపు పరీక్ష కోసం మర్నాటి దాకా ఆగొద్దు. లక్షణాలుండి, ఏ వేళ చూసినా 200 మి.గ్రా. లేదా అంతకుమించి ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

నయమవుతుందా?

పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. 1922లో టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వస్తే పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. ఇప్పుడు రోజూ ఇంజెక్షన్లు తీసుకుంటూ చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు అన్నీ మామూలుగానే సాగించవచ్చు. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఇన్సులిన్ ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలో దాని గురించి అడగండి. ఆకు పసర్లు, పొడులు నమ్మి ఇంజెక్షన్లు ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.