గ్రానైటు గుట్టలో రాక్షసి బొగ్గు దొరకునా?

గోదావరిఖని గనులలో బొగ్గు పొరలకు పైనను క్రిందను ఉన్నది ఇసుకరాయి. కరీంనగరు పరిసరములందు గుట్టలుగా నిలిచినది గ్రానైటు. ఈ రెండు రాళ్ళ భేదము నెరిగిన రైతు వృథా వ్యయమును తప్పించుకొనగలడు.

గ్రానైటు అగ్నిశిల. భూగర్భమున కరగియున్న శిలాద్రవము లోతుననే మెల్లగా చల్లారి గట్టిపడగా ఇది ఏర్పడినది. అందుచే దీని రేణువులు కంటికి స్పష్టముగ కానవచ్చును. గాజువలె మెరయునది పలుగురాయి. తెల్లని లేక గులాబి రంగు పలుకులు ఫెల్డ్‌స్పారు. నల్లని చుక్కలు నల్ల అభ్రకము, హార్న్‌బ్లెండు.

పలుగు, ఫెల్డ్‌స్పారుల మొత్తములో పలుగు నూటికి 20 మొదలు 60 పాళ్ళ వరకున్న శిలలు గ్రానైటు వర్గమునకు చెందును. వానిలో సోడా, సున్నము గల ఫెల్డ్‌స్పారు, మొత్తము ఫెల్డ్‌స్పారులో నూటికి 65 పాళ్ళు మించి 90 లోపున్నచో ఆ శిలను గ్రానోడయోరైటు అందురు.

నల్లని చుక్కలను చూచి బొగ్గని భ్రమపడరాదు. అవి నిప్పునకు మండవు. బొగ్గు వృక్షముల శేషము; 25 కోట్ల ఏండ్లకు పూర్వము చిత్తడి నేలలలో పూడి, ఇసుకరాళ్ళ నడుమ పొరలుగా నిలిచినది. 1871లో ఇల్లందు చెంత డాక్టరు కింగు కనుగొన్న బొగ్గు ఇట్టి పొరలలోనిదే. శిలాద్రవమునుండి పుట్టిన గ్రానైటులో అది దొరకదు.

గ్రానైటు నేలలో నీరైనను పైనున్న శిథిలమైన పొరలోను, పగుళ్ళలోను మాత్రమే నిలుచును. కావున బావి త్రవ్వుటకు ముందు రాయిని పరిశీలింపుడు; భూగర్భ జల శాఖ వారి సలహా పొందుడు.