పాత కార్ల సస్పెన్షన్ మార్పులు

పాత కార్ల సస్పెన్షన్ మార్పులు అనగా చాలా ఏళ్ళు వాడిన, లేదా తయారీ ఆగిపోయిన కారుకు కంపెనీ అమర్చిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బుష్షులు, స్టెబిలైజర్ బార్ల స్థానంలో బయటి మార్కెట్లో దొరికే వేరే రకం భాగాలను అమర్చుట. అమెరికాలో ఈ మార్పులు మజిల్ కార్లకు ఎక్కువగా చేస్తారు. భారతదేశంలో అభిమానులు ఆ పేరుతో పిలుచుకొనే కారు హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా. ఈ వ్యాసంలో కాంటెస్సా మరియు అదే సంస్థకు చెందిన అంబాసిడర్ కార్లకు ఏ మార్పులు తగునో, పల్నాడు ప్రాంతపు రోడ్లను దృష్టిలో ఉంచుకొని వివరించబడినది.

నేపథ్యం

1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓను మజిల్ కార్లకు ఆరంభంగా చాలామంది భావిస్తారు. దాని ఇంజను 6.4 లీటర్ల వీ8, శక్తి 325 హార్స్‌పవర్. ఇటువంటి కార్లలో శక్తికి తగిన సస్పెన్షన్ ఉండేది కాదు. 1967 నాటి షెవర్లే కమారోకు వెనుక ఇరుసు కింద ఒక్కొక్క పక్క ఒకే పట్టీ గల కమాను ఉండేది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ కమాను మెలితిరిగి, వెనుక చక్రాలు ఎగిరెగిరి పడేవి. మరుసటి సంవత్సరమే కంపెనీ షాక్ అబ్జార్బర్ల అమరికను మార్చవలసి వచ్చింది. ఇరుసు మెలితిరగకుండా ఆపే ట్రాక్షన్ బార్లు ఈ అవసరం నుండే ప్రాచుర్యం పొందాయి.

కాంటెస్సా సంగతి వేరు. ఇది బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్ఈ శ్రేణి ఆధారంగా పశ్చిమ బెంగాల్ లోని ఉత్తర్‌పారాలో 1984 నుండి 2002 వరకు తయారైనది. పొడవాటి బోనెట్ వల్ల రూపం మజిల్ కారును పోలినా, మొదట అమర్చినది అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనే. దాని శక్తి 50 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉండేది. తరువాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజను వచ్చింది. ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ మరియు కాయిల్ స్ప్రింగులు, వెనుక దృఢమైన ఇరుసుకు కూడా కాయిల్ స్ప్రింగులే ఉంటాయి. కమాను కట్టలు లేని ఈ కారుకు అమెరికా పుస్తకాలు చూసి ట్రాక్షన్ బార్లు బిగించుట డబ్బు దండుగ.

1950ల చివరి నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు మూలం మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దీనిలో ముందు చక్రాల బరువును టార్షన్ బార్లు, అనగా మెలితిరిగి మళ్ళీ యథాస్థితికి వచ్చే ఉక్కు కడ్డీలు, మోస్తాయి. వెనుక కమాను కట్టలు ఉంటాయి. ముందు టార్షన్ బార్, వెనుక కమాను అనే ఈ అమరికే క్రైస్లర్ వారి మజిల్ కార్లలోనూ ఉండేది.

అరిగిన భాగాలు

పాత కారు "సస్పెన్షన్ బాగోలేదు" అన్నప్పుడు చాలాసార్లు లోపం డిజైనులో కాక అరుగుదలలో ఉంటుంది. రబ్బరు బుష్షు ఎండి పగిలితే విష్‌బోన్ తన స్థానంలో నిలవదు. బ్రేకు వేసినపుడు కారు ఒక పక్కకు లాగుతుంది. అటువంటి కారుకు ఖరీదైన స్ప్రింగులు వేసినా లాగుట పోదు. పైగా గట్టి స్ప్రింగు తెచ్చే దెబ్బలకు ఆ బుష్షు ఇంకా త్వరగా చెడిపోతుంది.

కావున మొదట బుష్షులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ జాయింట్లు, వీల్ బేరింగులు పరీక్షించాలి. కారు మూలను గట్టిగా నొక్కి వదిలినపుడు ఒకసారి పైకి లేచి నిలబడితే షాక్ అబ్జార్బర్ పనిచేస్తున్నట్లు. రెండు మూడు సార్లు ఊగితే పోయినట్లే. నూనె కారుట మరొక గుర్తు. సమతలంపై నిలిపి నాలుగు మూలల ఎత్తు కొలిస్తే కుంగిన స్ప్రింగు తెలిసిపోతుంది. ఈ భాగాలన్నీ కొత్తవి వేసి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, కొన్ని వారాలు నడిపిన తరువాతనే మార్పు అవసరమా అని ఆలోచించుట మంచిది. చాలా కార్లకు ఇక్కడితో పని పూర్తవుతుంది.

స్ప్రింగులు

స్ప్రింగు గట్టిదనాన్ని కారు సహజంగా ఊగే వేగంతో కొలుస్తారు. సాధారణ ప్రయాణపు కారు సెకనుకు సుమారు 1 నుండి 1.2 సార్లు, స్పోర్ట్స్ కారు 1.5 నుండి 2 సార్లు ఊగుతుంది. సెకనుకు ఒకసారి ఊగే కారులో స్ప్రింగు కారు బరువుకు సుమారు 25 సెం.మీ. కుంగినట్లు లెక్క. 1.5 సార్లు ఊగే కారులో ఇది 11 సెం.మీ., 2 సార్లయితే 6 సెం.మీ. మాత్రమే. కుంగుదల తగ్గే కొద్దీ గుంతలోకి చక్రం దిగే అవకాశం కూడా తగ్గుతుంది. ముందు కంటే వెనుక స్ప్రింగులు కొంచెం త్వరగా ఊగితే కారు ముందుకు వెనుకకు తూగకుండా నిలకడగా ఉంటుందని 1930లలో జనరల్ మోటార్స్‌లో పరిశోధన చేసిన మారిస్ ఓలీ చూపాడు. ఈయన తరువాత వాక్స్‌హాల్‌లో కూడా పనిచేశాడు. వెనుక మాత్రమే గట్టి స్ప్రింగులు వేసినా, ముందు మాత్రమే వేసినా ఈ పొందిక చెడుతుంది.

కాయిల్ స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అనగా మందం పది శాతం పెరిగితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. చుట్ల సంఖ్య తగ్గినా గట్టిదనం పెరుగుతుంది. ఎత్తు తగ్గించుటకు స్ప్రింగును కోయించేవారు ఈ సంగతి గమనించరు. గ్యాసు మంటతో కాల్చి కుంగదీయుట ఇంకా ప్రమాదకరం, ఉక్కు పదును పోయి స్ప్రింగు విరగవచ్చు. చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చే పద్ధతిలో ఆ చుట్లు కదలక, భారమంతా మిగిలిన చుట్లపై పడుతుంది.

అంబాసిడర్ వెనుక కమానుకు అదనపు పట్టీ వేయించుట మన ప్రాంతంలో పాత అలవాటు. అయిదు పట్టీల కట్టకు అదే పొడవు, మందం గల ఆరవది చేర్చితే గట్టిదనం సుమారు 20 శాతం పెరుగుతుంది. ఎప్పుడూ నిండా జనంతోనో సామానుతోనో తిరిగే బండికి ఇది సబబే. ఇద్దరు మాత్రమే తిరిగే బండి వెనుక భాగం గుంతల్లో ఎగిరిపడుతుంది. కుంగిన కట్టను కమ్మరి వద్ద మళ్ళీ వంపు తీయించుట చవకైనది కాని, సరిగా పదును పెట్టకపోతే కొన్ని నెలలకే కుంగుతుంది. ముందున్న టార్షన్ బార్ అమరికను బిగిస్తే కారు ఎత్తు పెరుగుతుంది, గట్టిదనం పెరగదు. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడుట తరచు కనిపిస్తుంది.

షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగు మోస్తుంది, షాక్ అబ్జార్బర్ ఊగుట ఆపుతుంది. ఇవి ఒకదానికొకటి సరిపోవాలి. స్ప్రింగు 40 శాతం గట్టిదైతే షాక్ అబ్జార్బర్ నిరోధం సుమారు 18 శాతం పెరగాలి. స్ప్రింగులు మార్చి పాత షాక్ అబ్జార్బర్లను ఉంచితే కారు గంతులు వేస్తుంది. అదే మామూలు స్ప్రింగులకు మరీ గట్టి షాక్ అబ్జార్బర్లు వేస్తే, వరుస గుంతల్లో చక్రం ఒక గుంత నుండి తేరుకోకముందే మరొకటి వచ్చి, చక్రం క్రమంగా పైకి ముడుచుకొనిపోతుంది.

నూనెతో మాత్రమే పనిచేసే రకంలో ఎక్కువసేపు గతుకులపై నడిపితే నూనెలో నురుగు లేచి పట్టు తగ్గుతుంది. తక్కువ పీడనంలో నైట్రోజన్ నింపిన రకంలో నురుగు తగ్గుతుంది. పాత కారుకు ఒకే ఒక మార్పు చేయదలచినవారికి ఈ వ్యాసం సూచించేది ఇదే. అయితే మూసినప్పటి, తెరిచినప్పటి పొడవులు పాతవాటితో సరిపోవాలి. పొడవు చాలక షాక్ అబ్జార్బరే చక్రం కదలికను ఆపితే దాని పట్టు ఊడిపోతుంది.

బుష్షులు, స్టెబిలైజర్ బార్

పాలియూరితేన్ బుష్షులు రబ్బరు కంటే ఎక్కువ కాలం మన్నుతాయి, స్టీరింగ్ చురుకుదనం పెంచుతాయి. కాని కుదుపును, చప్పుడును కారులోకి పంపుతాయి. కాంటెస్సా వెనుక ఇరుసు లింకులు ఇరుసు ఒరిగినపుడు కొంచెం మెలితిరగవలసి ఉంటుంది. అక్కడ రబ్బరు వంగినట్లు పాలియూరితేన్ వంగదు. కావున వాటిని స్టెబిలైజర్ బార్ పట్టుల వద్ద వాడి, వెనుక లింకులకు రబ్బరే ఉంచుట మేలు.

మలుపుల్లో ఒరుగుట మాత్రమే బాధ అయితే స్ప్రింగులు ముట్టుకోకుండా స్టెబిలైజర్ బార్ మందం పెంచవచ్చు. 20 మి.మీ. బార్ బదులు 22 మి.మీ. వేసినా గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. ముందు బార్ పెంచితే కారు మలుపులో బయటికి జారే వైపు మొగ్గుతుంది, ఇది సాధారణ డ్రైవరుకు సురక్షితమైన లక్షణం. వెనుక మాత్రమే లావు బార్ వేస్తే తడి రోడ్డుపై వెనుక భాగం తిరిగిపోవచ్చు.

పల్నాటి రోడ్లకు తగిన ఎంపిక

పల్నాడులో ఒకే రోజు ప్రయాణంలో మూడు నాలుగు రకాల రోడ్లు తగులుతాయి. దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా పోయే నార్కట్‌పల్లి-అద్దంకి రహదారిపై కారు వేగంగా పోతుంది. అక్కడ కావలసినది నిలకడ. నల్లరేగడి నేలపై వేసిన గ్రామీణ రోడ్లు వానకు నేల ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవుట వలన అలలు తిరుగుతాయి. అటువంటి చోట చక్రం బాగా కిందికి పైకి కదలగలగాలి. సున్నపురాయి లారీలు తిరిగే దారులలో అంచులు విరిగి లోతు గుంతలు పడతాయి. నరసరావుపేట వద్ద కోటప్పకొండ ఘాట్ రోడ్డులో మలుపులు, దిగుడు రెండూ ఉన్నాయి. రెంటచింతల వేసవి ఎండల గురించి చెప్పనవసరం లేదు. ఆ వేడికి రబ్బరు బుష్షులు త్వరగా ఎండిపోతాయి.

ఈ కారణాల వలన ఇక్కడ కారు ఎత్తు తగ్గించుట ఎంతమాత్రం తగదు. ఊరి స్పీడ్ బ్రేకరుకు సైలెన్సరు తగులుతుంది. ఎత్తు బాగా పెంచినా ముందు చక్రాల కోణాలు మారి టైర్లు ఒక పక్కనే అరుగుతాయి, మలుపులో ఒరుగుట ఎక్కువవుతుంది. మాచర్ల, గురజాల వైపు ఎక్కువగా గతుకుల దారుల్లో తిరిగే కాంటెస్సాకు అసలు గట్టిదనం గల కొత్త స్ప్రింగులు, గ్యాసు షాక్ అబ్జార్బర్లు, కొత్త రబ్బరు బుష్షులు చాలు. ఎక్కువగా రహదారిపైనే నడిపేవారు దీనికి ముందు వైపు కాస్త లావు స్టెబిలైజర్ బార్ చేర్చుకోవచ్చు. కాయిలోవర్లు, ఎయిర్ సస్పెన్షన్ ప్రదర్శన కార్లకు తప్ప ఇక్కడ అక్కరకు రావు.

భాగాలు దొరకుట అసలు కష్టం. రెండు నమూనాల తయారీ ఆగిపోయినందున వేరే వాహనపు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తెచ్చి అమర్చుట జరుగుతున్నది. అప్పుడు పొడవు, లోపలి వ్యాసం, మోయగల బరువు మూడూ కొలిచి చూడాలి. బరువైన వేరే ఇంజను వేసిన కారుకు ముందు స్ప్రింగులు తప్పనిసరిగా లెక్కగట్టి మార్చాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని బలపరచింది. అదే సంవత్సరపు సవరణ ద్వారా చేరిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన భాగం స్థానంలో అదే కొలతల కొత్త భాగం వేయుట మరమ్మతు మాత్రమే. ఛాసిస్ కోసి వేరే సస్పెన్షన్ వెల్డింగ్ చేయుట ఈ నియమం కిందికి వస్తుంది. ఇంజను మార్పుకు రవాణా శాఖ ముందస్తు అనుమతి పొందాలి.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఏర్పరచింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేని వాహనాలు మాత్రమే దీనికి అర్హమైనవి. వీటిని ప్రదర్శనలు, ర్యాలీలు వంటి సందర్భాలలో తప్ప రోజూ నడపరాదు. 1970ల మొదటి భాగపు అంబాసిడర్లు ఇప్పటికే ఈ వయసుకు చేరాయి. తొలి కాంటెస్సాలు 2034లో చేరుకుంటాయి కావున, వాటికి ఇప్పుడు చేసే మార్పులు బోల్టులు విప్పి మళ్ళీ పాత భాగాలు బిగించుకొనే విధంగా ఉండాలి. విప్పిన పాత భాగాలను తుక్కుకు అమ్మకుండా దాచి ఉంచాలి.