మంచు విడువకముందే పూచు చిరుపూలు

ఫిబ్రవరి మాసమున ఇంగ్లండు పల్లెలలో చెట్లన్నియు మోడులై నిలిచియుండును. సూర్యుడు ఆలస్యముగా ఉదయించి త్వరగా అస్తమించును. అట్టి దినములలో ఇంటి గుమ్మము ప్రక్కను, ఆపిల్ చెట్టు మొదటను జానెడు ఎత్తైనను లేని తెల్లని పూలు కొన్ని తలలు వంచుకొని కనబడును. వీనినే స్నోడ్రాపు లందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన ‘గలాంథస్’ అను పేరునకు గ్రీకు భాషలో పాలపువ్వు అని అర్థము. తెలుగువారి చెవికి ఈ పేరే సొంపుగా తోచవచ్చును.

వసంతము సమీపించినదని ఆ దేశపు గృహస్థునకు మొట్టమొదట తెలుపునవి ఇవియే. వీని వెనుక పసుపు, ఊదా, తెలుపు వన్నెల క్రోకసులు, నీలి సిల్లాలు, ద్రాక్షగుత్తులను బోలిన మస్కారీలు వచ్చును. ఉద్యానవనములలో బారులు తీర్చిన తులిప్ పూలను దూరమునుండి చూచియే మెచ్చవచ్చును. ఈ చిరుపూలను చూడవలెనన్న వంగవలెను. ఒక్కొక్కప్పుడు మోకాళ్లపై కూర్చుండవలెను. స్నోడ్రాపు పూవును వ్రేలితో మెల్లగా పైకెత్తినగాని లోపలి పొట్టి రేకుల మీది ఆకుపచ్చని గుర్తు కనబడదు. కావున వీనికి ఇంటి పరిసరమే తగిన చోటు. నడిచే బాట ప్రక్కన, వంటయింటి కిటికీ క్రింద ఉన్నచో నిత్యము కంటబడును. ఆ చలిలో తోట చివరివరకు నడచిపోవు ఓపిక ఎందరికుండును?

ఇవన్నియు భూమిలోని గడ్డలనుండి మొలచునవి. ఈ గడ్డల రహస్యమును తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయునకు ఒక ఉల్లిగడ్డ చాలును. దానిని నిలువుగా రెండు చెక్కలు చేసినచో అడుగున పలుచని బిళ్లవంటి కాండము, దానినుండి లేచిన దళసరి పొరలు, నడుమ మొగ్గ కనబడును. ఆ పొరలు ఆకుల మొదళ్లే. ఆహారము నిలువచేసికొన్న గాదెలు. వృక్షశాస్త్రమున దీనికి లశునమని పేరు. క్రోకస్ గడ్డ మాత్రము ఇట్టి పొరలు లేని కందము. రూపమున ఉల్లిని పోలినను స్నోడ్రాపు గడ్డ విషము, నోట పెట్టరాదు. అయినను ఆ జాతి మొక్కలనుండియే తీసిన గలాంటమిన్ అను పదార్థము నేడు మతిమరుపు వ్యాధికి ఔషధమైనది.

రాబోవు ఏటి పూవు ముందటి వేసవి నాటికే ఆ గడ్డలో అణురూపమున సిద్ధమై యుండును. చెట్లు చిగురించి నీడ క్రమ్మకముందే ఎండలో తన వంతు పుచ్చుకొనుటకు ఈ తొందర అంతయు. రాత్రి గడ్డకట్టు చలికి కాడలు నేలపై వాలిపోవును. మంచు కరిగినంతనే మరల లేచి నిలుచును.

క్రోకస్ నేర్చిన విద్య వేరు. ఎండ వెచ్చదనము తగిలినచో కొలది నిమిషములలో విచ్చుకొనును, చలిగాలి సోకినచో ముడుచుకొనును. రేకుల లోపలి వైపును వెలుపలి వైపును పెరుగుటలోని తేడాయే ఇందుకు కారణము. శీతనిద్ర చాలించి ఆకలితో వెలువడిన బంబుల్‌బీ రాణులకు ఈ పూల పుప్పొడి విందు. క్రోకసుల సేవకు జీవితమును ధారపోసిన ఎడ్వర్డ్ అగస్టస్ బౌల్స్ (1865-1954) లండను చేరువ ఎన్‌ఫీల్డులో మిడిల్టన్ హౌస్ అను ఇంట నివసించి, 1924లో వీనిపై ప్రామాణిక గ్రంథము ప్రకటించెను. వంకర కొమ్మల మొక్కలకు తోటలో ఒక మూల కేటాయించి, దానికి ‘పిచ్చాసుపత్రి’ అని పేరు పెట్టిన రసికుడాయన. తెలుగు ఇండ్లలో పాలలో వేయు కుంకుమపువ్వు సైతము క్రోకస్ కుటుంబములోనిదే. కాశ్మీరమున పాంపోరు పొలములలో అది పూచుట మాత్రము శరత్కాలమున.

పూలు వాడిన పిదప అసలు పరీక్ష ఆరంభమగును. మిగిలిన ఆకులు పొడవుగా సాగి, నేలపై పడి, పసుపువారి, చూచుటకు అసహ్యముగా నుండును. శుభ్రత ప్రియమైన గృహస్థుడు గడ్డికోత యంత్రము తీసికొని వానిని సమముగా కోసివేయును. మరి కొందరు జడవలె ముడివేయుదురు. రెండును తప్పే. పూలు పోయిన తరువాత కనీసము 6 వారములు ఆ ఆకులు ఎండ త్రాగినగాని గాదె నిండదు. గాదె నిండనిచో మరుసటి వసంతమున ఆకులే వచ్చును, పూవు రాదు. పదునైదు దినముల వేడుకకు నెలన్నర వికారమును సహింపలేనివాడు ఈ పూలను నాటకుండుటే మేలు.

గడ్డ ఎచ్చటనుండి వచ్చినదో విచారించుటయు అవసరమే. టర్కీలోని టారస్ పర్వతములలో సహజముగా పెరుగు స్నోడ్రాపులను లక్షల సంఖ్యలో త్రవ్వి ఐరోపా అంగళ్లకు పంపుచు వచ్చిరి. కొండ వాలులు బోసిపోవుచుండగా, 1990 నుండి అంతర్జాతీయ ఒప్పందము క్రింద వీని వ్యాపారమునకు అనుమతిపత్రములు అవసరమైనవి. ఇరుగుపొరుగు ఇండ్లలో గుబురులు విడదీసినప్పుడు నాలుగు గడ్డలు అడిగి తెచ్చుకొను పల్లె అలవాటు దీనికన్న ఎంతో ఉత్తమము.

మన కోస్తా తోటలలో ఇవి నిలువవు. లోన మొగ్గ మేల్కొనుటకు అనేక వారముల గట్టి చలి కావలెను. డాఫోడిళ్లపై వర్డ్స్‌వర్త్ పద్యమును మన పాఠశాలలలో తరతరములుగా చదువుచున్నారు. చెప్పినవారిలోను, విన్నవారిలోను ఆ పూవును చూచినవారు అరుదు. 1802 ఏప్రిల్ 15న ఆయనయు, సోదరి డరోతీయు ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున చూచినవి నేటి అంగళ్లలోని పెద్ద పూలు కావు, చిన్నవైన అడవి జాతివి. నాడు కంటబడినది ఆమె దినచర్య గ్రంథమున వ్రాసికొనెను. పద్యము 1807లో అచ్చయినది.

స్నోడ్రాపు గింజకు చివర మెత్తని కండ యొకటి అంటియుండును. దానికై చీమలు గింజలను మోసికొనిపోయి, తినగలది తిని, గింజను విడిచివేయును. మూడు నాలుగేండ్లు గడచిన తరువాత ఎవరును నాటని చోట, మెట్ల సందున, ఒక తెల్లని పూవు తలవంచి నిలిచియుండును.