రెండు ఇనుముల నడుమ

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిని దర్శింపబోయిన యాత్రికులు వీరభద్రాలయములోని వ్రేలాడు స్తంభముకడ తప్పక నిలుతురు. ఆ రాతికంబము అడుగున పలుచని వస్త్రమును దూర్చి, ఈవలినుండి ఆవలికి లాగి వేడుకపడుదురు. శిల్పమునందు ఆ సందు ఒక అద్భుతము. యంత్రమునందు అట్టి సందు అనర్థము. ఇంజనులో రెండు ఇనుపభాగములు కలిసినచోట వెండ్రుకవాసి ఎడమున్నను చాలును. మంటవాయువు, నీరు, నూనె తమ తమ దారులు విడిచి ఒకదానిలో నొకటి కలియును. కొలది కాలములోనే ఇంజను మూలబడును. ఆ ఎడమును పూడ్చుటకై రెండు ఇనుముల నడుమ నుంచు పలుచని పొరకు గాస్కెట్ అని పేరు. మన మెకానిక్కులు దీనిని ప్యాకింగ్ అనియు వ్యవహరింతురు.

రెండు భాగములను చక్కగా చదును చేసి బిగించినచో ఈ పొర యెందులకని విద్యార్థి ప్రశ్నింపవచ్చును. కంటికి అద్దమువలె కనిపించు ఇనుపతలమునందును సన్నని మిట్టపల్లములు ఉండును. అదియు గాక, వేడియెక్కినప్పుడు భాగములన్నియు ఒకే విధముగా వ్యాకోచింపవు. మంటకు దగ్గరనున్న చోటు ఎక్కువగను, నీటికి దగ్గరనున్న చోటు తక్కువగను పెరుగును. ఇనుము పట్టుదలగలది, లొంగదు. లొంగుటకు నేర్చిన మెత్తని వస్తువు నడుమ నున్నప్పుడే ఆ రెండిటికి పొత్తు కుదురును.

ఇంజనులోని కూడలులన్నిటిలో సిలిండరునకు, దానిపై మూతవలె అమరు హెడ్డునకు మధ్యనున్న కూడలి మిక్కిలి కఠినమైనది. మన ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో తరచుగా కనిపించు కిర్లోస్కర్ టి.వి.1 డీజిల్ ఇంజనునే ఉదాహరణగా తీసికొందము. దాని సిలిండరు వ్యాసము 87.5 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగునప్పుడు అందు 750 మారులు మంట పుట్టును. ప్రతి మంటకును లోపలి పీడనము వాతావరణ పీడనమునకు ఇంచుమించు 70 రెట్లు పెరుగును. సిలిండరు వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లు గనుక, హెడ్డును పైకి నెట్టు బలము నాలుగు టన్నులకు మించును. సెకనుకు పండ్రెండు మారులకు పైగా నాలుగు టన్నుల బలము ఎత్తిపొడుచుచుండగా, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు మందముగల పొర తన చోటు విడువక మంటను మంటగా, నీటిని నీటిగా కాపాడవలెను.

అమరాపురము శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున నున్నది. నొళంబ పల్లవుల రాజధానియైన హేమావతి ఈ మండలములోనిదే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు పూర్వపు అనంతపురము జిల్లాలో ఇదియు ఒక భాగము. ఇచ్చటి వక్కతోటలకు, మల్బరి చేలకు నీరే ప్రాణము. ఒకప్పుడు ఎద్దులు కపిల తోలి నీరు తోడెడివి. తరువాత బావిగట్లమీద ఆయిల్ ఇంజనులు వెలసినవి. నేడు విద్యుత్ మోటార్లు, బోరుబావులు ఆ పనిలో పెద్దభాగమును చేపట్టినవి. అయినను ట్రాక్టర్లు, లారీలు, జనరేటర్లు పనిచేయుచున్నంత కాలము ఇంజను మరమ్మతు తప్పదు. దుక్కికి అదను వచ్చిననాడు ట్రాక్టరు నిలిచినచో, వాన రైతుకొరకు ఆగదు.

మరమ్మతులో చిక్కు ఇచ్చటనే మొదలగును. హెడ్డు పగిలినప్పుడు అసలు కంపెనీ భాగము దొరకకపోవచ్చును. దొరికినను వెల అందుబాటులో ఉండకపోవచ్చును. అప్పుడు వేరొక కార్ఖానా పోతపోసిన హెడ్డును రైతు కొనితెచ్చును. గుజరాత్‌లోని రాజకోట వంటి పట్టణములు ఇట్టి ఇంజనులకు, విడిభాగములకు పేరుగన్నవి. కొత్త హెడ్డులో బోల్టు రంధ్రములు సరిగానే ఉండవచ్చును. కాని నీటిదారి రంధ్రము రెండు మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగియున్నచో తయారుగా దొరకు గాస్కెట్ దానిని సగము మూసివేయును. సిలిండరు అరిగి బోరు చేయించినప్పుడు దాని వ్యాసము పెరుగును. పాత కొలత గాస్కెట్ అంచు మంటలోనికి పొడుచుకొనివచ్చి మాడిపోవును. ఇట్టి సమయమునందు ఆ ఒక్క హెడ్డుకు, ఆ ఒక్క బ్లాకుకు సరిపడునట్లు గాస్కెట్‌ను చేతితో కోయవలసి వచ్చును.

మంచి పనివాడు ముందుగా కత్తెర పట్టడు, కొలతబద్ద పట్టును. హెడ్డు తలముపై ఉక్కుబద్దను నిలువుగా, అడ్డముగా, మూలనుండి మూలకు ఉంచి, దాని క్రింద ఫీలర్ గేజి రేకులు దూర్చి చూచును. మిల్లీమీటరులో ఇరువదవ వంతు రేకు దూరినచో జాగ్రత్తపడవలెను. వంకర హెచ్చుగా నున్న హెడ్డును పట్టణమునకు పంపి తలము సరిచేయింపవలెను. వంకరను గాస్కెట్‌తో కప్పిపుచ్చుట కొలది దినముల ముచ్చటయే.

తరువాత హెడ్డు ముఖమునకు పలుచగా రంగు పూసి, దళసరి కాగితమును దానిపై అదుమును. రంధ్రములన్నియు అచ్చుపడును. బ్లాకునకును అట్లే వేరొక అచ్చు తీయును. రెండు అచ్చులను వెలుతురునకు ఎదురుగా ఒకదానిపై నొకటి ఉంచినప్పుడు ఏ రంధ్రము దేనితో కలియునో, ఏది తప్పుకొన్నదో స్పష్టమగును. అటుపై ఆ గీతలను గాస్కెట్ రేకుమీదికి దింపి, మొదట బోల్టు రంధ్రములను గుండ్రని పంచితో తొలుచును. వాటియందు బోల్టులు నిలిపి రేకు కదలకుండ చేసికొని, పిదప నీటిదారులను, చివర సిలిండరు వలయమును కోయును. ఆ వలయమును సిలిండరుకంటె మిల్లీమీటరు పాటి పెద్దదిగా ఉంచుట నియమము. ప్రక్కమూతలకు కోయు కాగితపు ప్యాకింగులను గుండ్రతల సుత్తితో అంచువెంట మెల్లగా తట్టి కూడ తెంపుదురు. కాని హెడ్డు అంచుపై సుత్తి దెబ్బ పడరాదు. అంచు చెదరినచో ఏ పొరయు దానిని మూయలేదు.

మందము విషయమున ఒక చిన్న లెక్క కలదు. పైన చెప్పిన ఇంజనులో పిస్టను కదలు చోటు 661 ఘనసెంటీమీటర్లు. పిస్టను పైకి చేరినప్పుడు మిగులు చోటు సుమారు 40. రెండిటి మొత్తము 701ని 40చే భాగించినచో 17.5 వచ్చును. గాలి అన్ని రెట్లు నలిగి వేడియెక్కుటచేతనే డీజిల్ అంటుకొనును. గాస్కెట్ అర మిల్లీమీటరు మందము ఎక్కువైనదనుకొందము. 60 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమునకు 3 ఘనసెంటీమీటర్లు చేరి, మిగులుచోటు 43 అగును. 704ని 43చే భాగించినచో 16.4 మాత్రమే. గాలి తగినంత వేడెక్కదు, చలి ఉదయమున ఇంజను మొరాయించును, పొగ హెచ్చును. మందము తగ్గించినచో వేరొక అపాయము: పిస్టను పోయి వాల్వులను తాకవచ్చును. అర మిల్లీమీటరు మందము, ఇంజను ఊపిరినే మార్చును.

రాగిరేకు గాస్కెట్‌లో మరియొక పాఠము కలదు. ఉక్కును ఎర్రగా కాల్చి నీట ముంచినచో గట్టిపడును. రాగిని అట్లే చేసినచో మెత్తబడును. కావుననే రాగి గాస్కెట్‌ను బిగించుటకు ముందు ఎర్రగా కాల్చి చల్లార్చుదురు. బిగింపునకును క్రమము కలదు. నడిమి బోల్టులతో మొదలుపెట్టి వెలుపలికి పోవుచు, ఒక్కసారిగా గాక రెండు మూడు విడతలుగా బిగింపవలెను.

ఈ పనిలో బయటికి కనిపించని అపాయమొకటి కలదు. చిరకాలము హెడ్ గాస్కెట్లకు ముఖ్యపదార్థము రాతినార, అనగా ఆస్బెస్టాస్. అది మంటకు కాలదు, నారవలె వంగును. కడప ప్రాంతమున పులివెందుల చేరువనున్న బ్రాహ్మణపల్లె గనులలో తెల్లని రాతినార లభించినది. కాని దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్లకేండ్లు అణగియుండి, ఇరువది, ముప్పది సంవత్సరముల పిమ్మట ఊపిరి గట్టిపడు వ్యాధిగానో, క్యాన్సరుగానో బయటపడును. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక తీర్పునిచ్చి, రాతినార పరిశ్రమలలోని కార్మికుల ఆరోగ్య వివరములను 40 సంవత్సరములు భద్రపరుపవలెనని ఆదేశించినది. పరిశ్రమలోని కార్మికునకు రికార్డు ఉండును. రోడ్డుప్రక్క షెడ్డులో పాత గాస్కెట్‌ను పొడిగా గీకి, దుమ్మును నోటితో ఊది పారద్రోలు పనివానికి ఏ రికార్డు కలదు? పాతపొరను నీటితో తడిపి గీకుట, గాలిపంపుతో ఊదకుండుట, తడిగుడ్డతో తుడుచుట, రాతినార లేని రేకునే అడిగి కొనుట: ఇవి ఖర్చులేని, లేదా స్వల్పఖర్చుతో కూడిన జాగ్రత్తలు. వాటిని చెప్పువారే అరుదు.

చేతిపనికి హద్దులును కలవు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ఖానాలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. నేటి కార్ల ఇంజనులలో సాధారణముగా అనేక పొరల ఉక్కు గాస్కెట్లను వాడుదురు. స్ప్రింగువలె అణగి లేచు గట్లు తీర్చి, పైని రబ్బరుపూత పూసిన ఆ రేకులు సుత్తికి, పంచికి లొంగునవి కావు. అట్టి చోట కోసిన గాస్కెట్ పెట్టుట సాహసము గాని నైపుణ్యము గాదు. తన పనికి లొంగునది ఏదో, లొంగనిది ఏదో ఎరుగుటయు మిస్త్రీ విద్యలో భాగమే.

వృత్తవైశాల్యము, నిష్పత్తి, వ్యాకోచము, పీడనము: ఇవన్నియు తరగతిగదిలో వేరువేరు పాఠములు. షెడ్డులో ఒక్క రేకుమీద అవి కలిసియున్నవి. ఉపాధ్యాయులు విద్యార్థులను ఒకనాడు దగ్గరి షెడ్డునకు కొనిపోయి, పాత గాస్కెట్‌ను ముట్టకుండ చూపి, కొత్త కాగితముపై దాని అచ్చు తీయించి, మందమును లెక్కకట్టింపవచ్చును. పిల్లలు అచ్చట లెక్క నేర్తురు. తడిగుడ్డ మాట ఆ పనివానికి వారిచేతనే చెప్పించినచో, ఆ ప్రయాణము రెండువైపుల ఫలించును.