వంద కిటికీలు, ఒక్క తాళం

చెట్టినాడ్ మేడలు కూలుతున్నది ముసలితనం వల్ల కంటే వాటాల వల్లే ఎక్కువ

తమిళనాడులోని కారైకుడిలో, మునీశ్వరన్ కోవిల్ వీధిలో ఇంటిని ముక్కలుగా కొనుక్కోవచ్చు. ఒక దుకాణం ముందు నున్నటి టేకు స్తంభాలు గోడకు జారబడి ఉంటాయి. పక్కనే గజలక్ష్మిని చెక్కిన ద్వారబంధం. లోపలికెళితే ఎనామెల్ గిన్నెలు, ఇత్తడి బిందెలు, బెల్జియం అద్దాలు, వాటి మధ్య చట్రంలో ఎవరి తాతగారో. నగరాల్లో కొత్తగా ఇల్లు కట్టుకునేవారు, హోటళ్లకు పాతదనం అద్దేవారు వీటికోసం వెతుక్కుంటూ వస్తారు. ఇక్కడికి చేరిన ప్రతి తలుపు వెనకా ఒక ఊళ్లో ఒక ఖాళీ జాగా మిగిలి ఉంటుంది.

శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో విస్తరించిన చెట్టినాడ్‌లో 70కి పైగా ఊళ్లున్నాయి. వానలు అంతంతమాత్రమైన ఈ మెట్టనేల మీద 19వ శతాబ్దం నడుమ నుంచి 1940ల దాకా నాట్టుకోట్టై చెట్టియార్లు రాజభవనాల్లాంటి ఇళ్లు కట్టారు. టేకు బర్మా నుంచి, పాలరాయి ఇటలీ నుంచి, ఇనుము ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. గోడలకు సున్నం, కోడిగుడ్డు సొన కలిపిన పూత. ఇప్పటికీ వాటిని చేత్తో తాకితే చల్లగా, గాజులా తగులుతాయి. గడప పక్కన నిలబడి చూస్తే ముందు వీధి నుంచి వెనక వీధి దాకా తలుపు వెనక తలుపు వరసగా కనిపిస్తుంది.

ఆర్భాటం సంగతి అలా ఉంచితే, ఇంట్లో తెలివీ తక్కువేం లేదు. వీధి అరుగు వచ్చేపోయేవారికి. తర్వాతి హాలు వ్యాపారానికి, పెళ్లిళ్లకు. ఆపైన నడిమి ముంగిలి. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. నాలుగు వైపుల పెంకుల కప్పు నుంచి జారే వాననీరు ముంగిట్లో పెట్టిన గంగాళాల్లో పడుతుంది. మిగిలింది కాలవల గుండా ఊరి చెరువుకు చేరుతుంది. కరువు నేల మీద ఇంటి కప్పే నీటి వనరు.

ముంగిలి చుట్టూ ఉన్న గదుల్లోనే అసలు కథ ఉంది. పెళ్లయిన ప్రతి కొడుక్కీ ఒక గది. అందులో సామాను, సారె పెట్టుకుని తాళం వేసుకుంటారు. పడక బయట వరండాల్లోనే. ఇల్లు ఒకటే అయినా పొయ్యిలు వేరు, ఖర్చుల లెక్కలు వేరు. ఉమ్మడి కుటుంబంలో ఎవరి కాపురం వారిది.

ఈ వైభవానికి మూలం రంగూన్, మలయా, సిలోన్‌లలో సాగిన వడ్డీ వ్యాపారం. దానికి మరో ముఖమూ ఉంది. 1930లనాటి ప్రపంచ మాంద్యంలో వరి ధర పడిపోయి, బర్మా రైతులు అప్పులు తీర్చలేకపోయారు. దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో 1930లో 6 శాతంగా ఉన్న చెట్టియార్ల భూమి 1937 నాటికి 25 శాతానికి చేరింది. వారికి కావలసింది భూమి కాదు, డబ్బు. దక్కింది మాత్రం భూమి, దాంతోపాటు స్థానికుల ఆగ్రహం. అదే రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో మూటలు మోసిన కూలీల్లో కోరంగి, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగువారు ఎందరో. 1942లో జపాన్ సైన్యం వచ్చేసరికి కూలీ, షావుకారూ ఇద్దరూ పారిపోక తప్పలేదు. 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయీకరణ చట్టం తెచ్చింది. 1963లో బ్యాంకులూ పోయాయి.

చెట్టినాడ్‌కు డబ్బు రావడం ఆగిపోయింది. తర్వాతి తరాలు చెన్నైకి, సింగపూర్‌కు, అమెరికాకు చేరాయి. ఇళ్లు మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయాయి. తాత కట్టించిన మేడకు ఇప్పుడు పదులకొద్దీ వారసులు. పెంకు మార్చాలన్నా అందరూ చందా వెయ్యాలి, అమ్మాలన్నా అందరూ సంతకం పెట్టాలి. బాగుచేయడానికి కుదరని ఏకాభిప్రాయం కొన్నిసార్లు కూలగొట్టడానికి కుదురుతుంది. ఇంటిని పంచుకోవడం కష్టం, టేకును తూకం వేసి పంచుకోవడం తేలిక.

అన్నీ అలా పోలేదు. కానాడుకాత్తాన్‌లో ‘విశాలం’, కడియాపట్టిలో ‘చిదంబర విలాస్’ హోటళ్లుగా బతికాయి. ఒకప్పుడు సారె సామాన్లున్న చోట ఇప్పుడు అతిథుల మంచాలున్నాయి. చెట్టినాడ్ ఊళ్లు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అత్తంగుడిలో ఇప్పటికీ నేల పలకలు చేత్తోనే చేస్తారు. అద్దం మీద అచ్చు పెట్టి, రంగు సిమెంటు పోసి, వెనక ఇసుక, సిమెంటు వేసి, నీళ్లలో నాననిచ్చి ఆరబెడతారు. బట్టీతో పనే లేదు. అద్దం నునుపే పలకకు వస్తుంది. కొత్త ఇళ్లు కట్టేవారు ఈ పలకలు కొన్నప్పుడు ఊళ్లో చేతులకు పని దొరుకుతుంది. పాత స్తంభం కొన్నప్పుడు మాత్రం మరో ఇల్లు దుకాణానికి చేరే దారి సుగమమవుతుంది. చూడటానికి రెండూ ఒకే అభిరుచి, ఫలితాలే వేరు.

ఇక మిగతా ఇళ్లకు కాపలాదారే దిక్కు. అయినా పెళ్లికో, షష్టిపూర్తికో, పెద్దలకు పెట్టే ‘పడైప్పు’కో వారసులు ఇప్పటికీ వస్తారు. ఎవరి గది తాళం వారు తెచ్చుకుంటారు. ముంగిట్లో పెద్ద పొయ్యిలు వెలుగుతాయి. ఒకరినొకరు ఎరగని పిల్లలు వరండాల్లో పరిగెడతారు. రెండ్రోజుల తర్వాత గదులకు మళ్లీ తాళాలు పడతాయి. వీధి తలుపు మూసే కాపలాదారు చేతికి ఒక పెద్ద తాళంచెవి, కప్పు ఎక్కడ కారుతోందో చెప్పే ఒక జాబితా మిగులుతాయి. ఆ జాబితా మీద ఎవరి సంతకమూ ఉండదు.