జెండాల భాష

మాట మానవునకు లభించిన గొప్ప సాధనము. కాని మాటకు ఒక హద్దు కలదు. ఎంత బిగ్గరగా పిలిచినను మనుష్యుని కంఠస్వరము కొంతదూరమునకు మించి వినబడదు. సముద్రపు హోరులోను, గాలివానలోను ఆ కొంతదూరమును గూడ అది దాటజాలదు. కన్ను అట్టిది కాదు. రాత్రివేళ కొండకొమ్మున వెలిగించిన మంటను ఎన్నియో క్రోసుల దూరమునుండి చూడవచ్చును. చెవికి అందని చోటికి చూపు పోగలదు. ఈ చిన్న సత్యమును ఆధారముగా చేసికొని మానవుడు దూరమున నున్నవారితో మాటలాడుటకు ఒక మౌనభాషను కల్పించుకొనెను. మంటలు, కొయ్యచేతులు, మనుష్యుల చేతులు, రంగురంగుల జెండాలు ఆ భాషకు అక్షరములైనవి.

తొలి సంకేతములలో మంట ముఖ్యమైనది. శత్రువులు వచ్చుచున్నారని తెలుపుటకు కొండమీద మంట వేయుట అనేక దేశములలో ఉండిన ఆచారము. కాని మంట ఒక్క విషయమునే చెప్పగలదు. అదియు ముందుగా అనుకొన్న విషయమునే. వచ్చిన శత్రువులు ఎందరు, ఏ దారిని వచ్చుచున్నారు అను ప్రశ్నలకు అది బదులు చెప్పలేదు. ఈ లోపమును సవరించు మార్గమును క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున పొలీబియస్ అను గ్రీకు చరిత్రకారుడు తన గ్రంథములో వివరించెను. గ్రీకు అక్షరములు 24. వానిని ఐదు వరుసలుగా వ్రాసికొనవలెను. ఎడమవైపున ఎత్తిన కాగడాల సంఖ్య ఎన్నవ వరుసయో తెలుపును. కుడివైపున ఎత్తిన కాగడాల సంఖ్య ఆ వరుసలో ఎన్నవ అక్షరమో తెలుపును. ఇట్లు పది కాగడాలతో ఏ మాటనైనను తెలుపవచ్చును. ఈ పద్ధతిలో మరియొక విశేషము కలదు. వార్తను పంపువాడు మొదట రెండు కాగడాలను ఎత్తి వేచియుండవలెను. అవతలివాడును రెండు కాగడాలను ఎత్తి తాను సిద్ధముగా ఉన్నానని తెలిపిన పిమ్మటనే అసలు వార్త మొదలగును. వార్త పంపినంతమాత్రమున పూర్తికాదు; అవతలివాడు దానిని అందుకొన్నప్పుడే పూర్తియగును. ఈ నియమమును ఆనాటివారే గ్రహించిరి.

తరువాత రెండువేల యేండ్లకు ఫ్రాన్సు దేశములో ఈ విద్య క్రొత్త రూపమును దాల్చెను. క్లాడ్ షాప్ అను యువకుడు 1791 మార్చి 2వ తేదీన బ్రూలోన్, పార్సే అను రెండు ఊళ్ల నడుమ, సుమారు 15 కిలోమీటర్ల దూరము, కంటికి కనబడు గుర్తులతో వార్తను పంపి చూపెను. అది విప్లవకాలము. పారిస్ నగరములో అతడు నిలిపిన యంత్రమును చూచి, అది రాజపక్షమువారికి రహస్యములను చేరవేయుచున్నదని అనుమానించి, జనులు దానిని ధ్వంసము చేసిరి. అయినను షాప్ వెనుదీయలేదు. 1794లో పారిస్ నుండి ఉత్తరపు సరిహద్దునందలి లీల్ నగరము వరకు, రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము, అతని గోపురములు వరుసగా వెలసినవి. ఆ యేడు ఆగస్టు నెలలో శత్రువులనుండి ఒక కోటను తిరిగి గెలుచుకొన్న వార్త ఆ మార్గముననే రాజధానికి చేరెను. ఏ గుఱ్ఱపురౌతును అంత త్వరగా ఆ వార్తను తేజాలడు.

షాప్ యంత్రము చూచుటకు మిక్కిలి సులువైనది. గోపురముపై ఒక స్తంభము, దానిపై ఒక పొడవైన దూలము, ఆ దూలమునకు రెండు కొనలయందు రెండు చిన్న కొయ్యచేతులు ఉండెను. దూలమును నాలుగు విధములుగను, ఒక్కొక్క చేతిని ఏడు విధములుగను త్రిప్పవచ్చును. నాలుగును ఏడుచేతను, మరల ఏడుచేతను హెచ్చించిన 196 గుర్తులు వచ్చును. వానిలో 92 గుర్తులను మాత్రము మాటలకు వాడిరి. 92 పుటలుగల ఒక సంకేత పుస్తకమును సిద్ధపరచి, పుటకు 92 చొప్పున పదములను వ్రాసిరి. మొదటి గుర్తు పుటను, రెండవ గుర్తు ఆ పుటలోని పదమును తెలుపును. ఇట్లు రెండే గుర్తులతో 8,464 పదములలో ఏదైనను పంపవచ్చును.

గోపురములందలి పనివారికి ఆ వార్తల అర్థము తెలియదు. దుర్భిణితో ఇరుగుపొరుగు గోపురములను చూచుట, కనబడిన గుర్తును అట్లే తమ యంత్రముపై నిలుపుట వారి విధి. అంతటితో వారి పని తీరదు. తరువాతి గోపురమువాడు ఆ గుర్తును సరిగా నిలిపెనో లేదో చూచిన పిదపనే రెండవ గుర్తునకు పోవలెను. ఎక్కడనో ఒక్కడు పొరబడిన యెడల వార్త అంతయు చెడిపోవును గదా! మన దేశమునందును పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున కలకత్తా నుండి గంగాతీరమునందలి చునారు వరకు ఇట్టి గోపురముల వరుసను నిర్మించిరి. వానిలో కొన్ని ఇటుక గోపురములు పశ్చిమ బెంగాలులో నేటికిని నిలిచియున్నవి. పొగమంచులోను, చీకటిలోను ఈ యంత్రములు పనిచేయజాలవు. అందుచేత విద్యుత్తుతో నడచు తంతి వచ్చినంతనే వాని కాలము చెల్లెను.

భూమిమీద తీగ వేయవచ్చును. కదలుచున్న ఓడల నడుమ తీగ వేయుట ఎట్లు? కావున సముద్రముపై జెండాలు చాలకాలము రాజ్యమేలినవి. ఆంగ్ల నౌకాదళమున పోఫం అను అధికారి పదములకు అంకెలను కేటాయించి ఒక సంకేత నిఘంటువును కూర్చెను. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధమునకు ముందు సేనాని నెల్సన్, ప్రతివాడును తన ధర్మమును నెరవేర్చునని ఇంగ్లండు విశ్వసించుచున్నదను సందేశమును తన ఓడ ‘విక్టరీ’నుండి ఎగురవేయగోరెను. సంకేతాధికారి పాస్కో ఒక మనవి చేసెను. ‘విశ్వసించుచున్నది’ అను అర్థముగల మాట నిఘంటువులో లేదు. దానిని అక్షరాక్షరము కూర్చవలసియుండును. ‘ఆశించుచున్నది’ అను మాటకు అంకె కలదు. నెల్సన్ వెంటనే అంగీకరించెను. ఎనిమిది పదములకు మూడేసి జెండాలు చాలినవి. చివరిదైన ‘ధర్మము’ అను అర్థముగల ఆంగ్లపదము నిఘంటువులో లేనందున, దాని నాలుగక్షరములకు ఏడు జెండాలు కావలసివచ్చెను. మొత్తము 31 జెండాలు, పన్నెండు సారులు ఎగిరినవి. ఆనాటి యుద్ధములోనే నెల్సన్ మరణించెను. ఆ జెండాల సందేశము మాత్రము చరిత్రలో నిలిచిపోయెను.

యుద్ధనౌకలకే గాక వర్తకపు ఓడలకును ఉమ్మడి భాష అవసరమయ్యెను. 1857లో బ్రిటిషు ప్రభుత్వము 18 జెండాలతో ఒక సంకేత గ్రంథమును ప్రకటించెను. అదియే క్రమముగా పెరిగి అంతర్జాతీయ సంకేతావళి యైనది. నేటి సంకేతావళి 1965లో ఆమోదము పొంది, 1969లో అమలులోనికి వచ్చెను. ఇందు ఆంగ్లాక్షరములు ఇరువదియారింటికి ఇరువదియారు జెండాలు కలవు. ఒక్కొక్క జెండా ఒంటరిగా ఎగిరినపుడు దానికొక ప్రత్యేకార్థము కలదు. ఎఱుపు, పసుపు రంగులు మూలగా కలిసిన జెండా మనిషి నీటిలో పడినాడని తెలుపును. సగము తెలుపు, సగము ఎఱుపు గల జెండా రేవుదారి తెలిసిన మార్గదర్శి ఓడపై ఉన్నాడని చెప్పును. తెలుపు, నీలము గల చీలికజెండా నీటి అడుగున ఈతగాడున్నాడనియు, దూరముగా మెల్లగా పొమ్మనియు హెచ్చరించును. విశాఖపట్టణపు రేవునకు వచ్చు నావికులు ఏ దేశమువారైనను, ఏ భాషవారైనను ఈ జెండాలను ఒకే రీతిగా చదువుదురు.

జెండాలు ఎగురవేయుటకు కొయ్య, త్రాడు కావలెను. అంత పరికరము లేనిచో రెండు చేతులే చాలును. షాప్ యంత్రపు కొయ్యచేతులకు మారుగా మనిషియే చేతులను చాచి నిలుచుట ఈ పద్ధతి. దీనిని సెమఫోర్ అందురు. గుర్తును మోయునది అని ఆ మాటకు అర్థము. సంకేతకుడు రెండు చేతులలో రెండు చిన్న జెండాలను పట్టుకొని స్పష్టమైన చోట నిలువవలెను. అష్టదిక్కులవలె అతని చుట్టును ఎనిమిది స్థానములు కలవు. రెండు చేతులను రెండు వేర్వేరు స్థానములలో ఉంచిన 28 భంగిమలు ఏర్పడును. ఆంగ్లాక్షరములు 26 గనుక అవి చాలును. మొదటి మూడక్షరములకు ఎడమచేయి క్రిందనే ఉండును. కుడిచేయి క్రిందిమూలను, భుజము సరసను, పైమూలను వరుసగా నిలుచును. ఇచ్చటను పాత నియమమే కలదు. ప్రతి పదమును అందుకొన్నవాడు ‘సి’ అక్షరమును చూపవలెను. అతడు చూపనిచో ఆ పదమును వెంటనే మరల పంపవలెను. లోకమంతటను ప్రసిద్ధమైన శాంతిచిహ్నమును 1958లో జెరాల్డ్ హోల్టమ్ అను చిత్రకారుడు ఈ భంగిమలనుండియే కూర్చెను. అణ్వస్త్ర నిరాకరణమును తెలుపు రెండు ఆంగ్లపదముల మొదటి అక్షరములు ఆ వలయములో దాగియున్నవి.

బదులు సంకేతమునకు ఎంత విలువ యున్నదో తెలుపు విషాదగాథ యొకటి కలదు. 1893 జూన్ 22న మధ్యధరా సముద్రమున, సిరియా తీరపు ట్రిపోలీ నగరము చెంత, ఆంగ్ల నౌకలు రెండు వరుసలుగా పోవుచుండెను. ఒక వరుసకు సేనాని ట్రయన్ ఎక్కిన ‘విక్టోరియా’, రెండవదానికి ఉపసేనాని మార్కమ్ ఎక్కిన ‘కాంపర్‌డౌన్’ ముందు నడచుచుండెను. రెండు వరుసలును ఒకదానివైపు ఒకటి తిరిగి వెనుకకు మరలవలెనని ట్రయన్ జెండాలను ఎగురవేయించెను. నడుమనున్న దూరము అంత మలుపునకు చాలదు. మార్కమ్ ఆ సంగతిని కనిపెట్టి బదులు జెండాను సగము వరకే ఎగురవేయించెను. చూచితిమి గాని గ్రహించలేదని దాని అర్థము. అంతలో, దేనికొరకు ఆగియున్నారని సేనాని ఓడనుండి ప్రశ్న వచ్చెను. నౌకలన్నియు చూచుచుండగా వచ్చిన ఆ మందలింపునకు మార్కమ్ తలవంచెను. సేనానికి వేరొక యుక్తి యుండునని తలంచి, జెండాను పూర్తిగా ఎగురవేయించెను. ఓడలు తిరిగినవి, ఢీకొన్నవి. కొలది నిమిషములలో ‘విక్టోరియా’ మునిగిపోయెను. ట్రయన్‌తో కూడ 358 మంది ప్రాణములు కోల్పోయిరి. తప్పు ట్రయన్‌దని విచారణసభ నిర్ణయించెను. అయినను మార్కమ్ తన సందేహమును, మొదట అనుకొన్నట్లు, సెమఫోర్ ద్వారా తెలుపకపోవుట విచారింపదగినదని గూడ పలికెను.

ఈ మౌనభాష సముద్రముపైననే గాక మన చుట్టును కూడ కలదు. పాత రైలుదారులందలి సిగ్నలు స్తంభములకు ఒక చేయి యుండెడిది. అది అడ్డముగా నిలిచిన ఆగవలెను, వాలిన పోవలెను. దానిని లాగు తీగ తెగిపోయినచో, బరువు చేత ఆ చేయి తనంతట తానే అడ్డముగా నిలుచునట్లు అమర్చిరి. సాధనము చెడినను ప్రాణము చెడరాదని దాని ఉద్దేశము. నేడు ఆ స్తంభముల స్థానమును చాలచోట్ల రంగుదీపములు ఆక్రమించినవి. అయినను ఎఱ్ఱజెండా లేనిచోట రెండు చేతులను తలపైకి ఎత్తి చూపిన, రైలును ఆపుమనియే అర్థము. తుపాను రోజులలో విశాఖ, కాకినాడ, మచిలీపట్టణము రేవులందు ఎగురవేయు ప్రమాదసూచికల సంఖ్యలు తెలుగువారందరును ఎఱిగినవే. వానిలో పదియవది మహాప్రమాదమును తెలుపును. పదకొండవది దానికంటెను వింతయైనది. వాతావరణ కేంద్రముతో సంబంధములు తెగిపోయినవనియు, చెడువాతావరణపు అపాయము కలదని స్థానికాధికారి తలంచుచున్నాడనియు దాని భావము. వార్త రాకపోవుటయే అచట ఒక వార్త!

రేడియోలు, ఉపగ్రహములు వచ్చిన ఈ కాలమునను జెండాల భాష పూర్తిగా నశింపలేదు. దానికి విద్యుత్తు అక్కరలేదు; భాషాభేదము లేదు. దాని బలము మాత్రము గుడ్డలోను రంగులోను లేదు. చూపువాడును చూచువాడును ముందుగా ఒప్పుకొన్న అర్థములో కలదు. అర్థమైనచో జెండాను పూర్తిగా ఎత్తవలెను. కానిచో సగమువరకే ఎత్తి నిలుపవలెను. తెలియనిదానిని తెలియలేదని చెప్పుటకు సిగ్గుపడని వారి చేతులలోనే సంకేతము క్షేమకరమగును.